ఓటీపీ ఎవరికీ చెప్పకండి

శేఖర్ తన జీవితంలో చేసిన చివరి మంచి పని, కారును తెల్లగీత దాటకుండా పార్క్ చేయడం.

హైటెక్ సిటీలో నవధార కంట్రోల్స్ వారి భవనానికి అది అట్టడుగు బేస్‌మెంట్. భోజనాల వేళ దాటింది. పైన ఎండ మండిపోతున్నా కింద ట్యూబ్‌లైట్ల గుడ్డి వెలుగే. శేఖర్ ఇంజన్ ఆపి, ఒక కాలు బయట పెట్టాడు. స్తంభం చాటునుంచి వచ్చిన మనిషి పలకరింపులు పెట్టుకోలేదు. కారు తలుపును రెండు చేతులతో ఆ కాలిమీదికి విసిరాడు. ఎముక విరిగింది. శేఖర్ అరవడానికి నోరు తెరిచాడు. కేక మాత్రం రాలేదు, ఎందుకంటే అది రావలసిన దారిని అప్పటికే కత్తి అడ్డంగా కోసేసింది.

"కుడిచేతి బొటనవేలు," అంది స్తంభం వెనకనుంచి ఒక ఆడగొంతు. "గోరు చిట్లకుండా చూడు."

"గోరుతోని ఏం పనక్కా, గీతలు గదా గావాలె," అన్నాడు కత్తి పట్టుకున్న యాదగిరి. మొక్కల కొమ్మలు కత్తిరించే కత్తెర తీసి ఒక్క నొక్కు నొక్కాడు. వేలు ఊడివచ్చింది. దాన్ని కాఫీ ఫ్లాస్కులో, ఐసుముక్కల మధ్య వేసి మూత బిగించాడు.

హైహీల్స్ చప్పుడు లిఫ్ట్ వైపు తీరిగ్గా నడిచి వెళ్ళింది.

* * *

అదే భవనం లాబీలో ఆరోజు హోమ్‌ఫుడ్స్ మేళా. కరివేపాకు పొడి, సున్నుండలు, పచ్చళ్ళు. చివరి బల్ల దగ్గర నేతచీరలో కూర్చున్న ఆవిడ ఆవకాయ జాడీకి వాసెన కడుతోంది. ఆమె పేరు వాసంతి. భర్త శ్యామ్‌కు తెలిసినంతవరకు ఒక సర్వే కంపెనీలో పార్ట్‌టైమ్ ఉద్యోగం. ప్రభుత్వంలో బోర్డు లేని ఒక విభాగానికి తెలిసినంతవరకు ఏజెంట్ కరివేపాకు.

ఆ కోడ్‌నేమ్ పెట్టింది చీఫ్ మునిస్వామి. చిత్తూరు మనిషి. "యాడ వేసినా కలిసిపోతావు గదమ్మా, అందుకని" అన్నాడు. వాడుకున్నాక తీసి కంచం పక్కన పెట్టేది కూడా దాన్నేనని వాసంతికి తెలుసు. ఇంక్రిమెంట్లు ఇచ్చే నెలలో మరీ బాగా తెలుస్తుంది.

ఎడమ చెవి బుట్టకమ్మలోంచి మునిస్వామి గొంతు వినిపించింది. "శేఖర్ వచ్చినాడా?"

"లేదు సార్. గుర్తుగా అతను ఆవకాయలో టెంక ఉందా అని అడగాలి. టెంక లేకపోతే అది మాగాయ అని నేననాలి. ఇంతవరకు అడిగినవాళ్ళందరూ నిజంగా కొనుక్కోవడానికే అడిగారు. నాలుగు సీసాలు అమ్ముడయ్యాయి."

"డబ్బులు ఆఫీసులో కట్టాల."

శేఖర్ నవధారలో సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్. జీడిమెట్లలో క్లోరిన్ విషవాయువు నిలవచేసే యార్డు ఒకటి ఉంది. అక్కడి ట్యాంకుల వాల్వులు ఈ భవనంలోని కంప్యూటర్ల మాట మాత్రమే వింటాయి. ఆ కంప్యూటర్లలోకి ఎవరు ఎలా లాగిన్ అవ్వాలో మనిషి మనిషికీ విడిగా నిర్ణయించేది శేఖర్. ఒకరికి వేలిముద్ర, ఒకరికి కార్డు, ఒకరికి ఫోన్‌కు వచ్చే కోడ్. వారం నుంచి ఎవరో ఆ సెట్టింగులను కెలుకుతున్నారు. ఇంజనీర్ల లాగిన్లు ఒక్కొక్కటే మూగబోతున్నాయి. దాని వెనక ఆర్కిడ్ అనే విదేశీ ముఠా ఉందని విభాగం అనుమానం. ఆ కెలుకుతున్న చెయ్యి ఎవరిదో చెప్పడానికే శేఖర్ రావాలి.

వాసంతి ఇక ఆగలేదు. సంచి భుజాన వేసుకుని బేస్‌మెంట్‌కు దిగింది. సంచిలో క్యారియర్, ఆవకాయ జాడీ. క్యారియర్ అడుగు గిన్నెలో, పెరుగన్నం కింద, ప్లాస్టిక్ కవర్లో పిస్టల్.

శేఖర్ తెల్లగీత లోపలే పడి ఉన్నాడు. రక్తం మాత్రం గీత దాటి పక్క కారు కిందికి పారింది. వాసంతి అతని కళ్ళు మూసింది. కుడిచెయ్యి చూసింది. సరిగ్గా అప్పుడే చక్రం పక్కన పడి ఉన్న అతని ఫోన్ వెలిగింది.

"శేఖర్ గారూ, పదకొండో అంతస్తు మంజీర బోర్డ్‌రూమ్ నుంచి మీరు ఇప్పుడే లాగిన్ అయ్యారు. అది మీరు కాకపోతే వెంటనే కాదు అని నొక్కండి."

నొక్కాలంటే ఫోన్ తెరవాలి. ఫోన్ తెరవాలంటే వేలు కావాలి. వేలు పదకొండో అంతస్తులో ఉంది.

రెండో మెసేజ్ వచ్చింది. "క్లోరిన్ యార్డులో అన్ని వాల్వులూ తెరవాలన్న మీ అభ్యర్థన అందింది. ఎం.డి. విశ్వేశ్వరరావు గారి ఆమోదం కోసం ఎదురుచూస్తున్నాము."

వాసంతి గడియారం చూసుకుంది. యార్డు గోడకు అవతలే మందుల ఫ్యాక్టరీ. అందులో శ్యామ్ కెమిస్ట్. పొద్దుటి షిఫ్ట్ నాలుగింటికి దిగుతుంది. ఆ వేళకు గేటు ముందు, బస్సుల దగ్గర, టీ బండ్ల దగ్గర కొన్ని వేలమంది ఉంటారు. శ్యామ్‌కు ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. ప్లాంటులోకి ఫోన్లు తీసుకెళ్ళనివ్వరు. అది లాకర్‌లో మోగుతూ ఉంటుంది.

"సార్, కరెంటు తీయించండి. నెట్ కట్ చేయించండి."

"తీసినా యార్డు చివర విన్న మాటే, అంటే తెరవమన్న మాటే పట్టుకుంటాదమ్మా. మనోళ్ళు బాలానగర్ దగ్గర ట్రాఫిక్‌లో ఉండారు. చేత్తో తిప్పే చక్రాలు తుప్పు పట్టి ఏళ్ళయిందంట. ఆ ఎం.డి. ఒక్కడే కాదనగలడు. ఆయన భోంచేసినప్పటి నుంచి కనబళ్ళేదు. పోలీసు సైరన్ వినబడిందంటే వాళ్ళు ముందు ఆయన్నే చంపేస్తారు. నువ్వే పోవాల. తోడుగా మన రసజ్ఞను పంపినా."

* * *

మంజీర బోర్డ్‌రూమ్ తలుపుకు "మీటింగ్ జరుగుచున్నది" అన్న బోర్డు వేలాడుతోంది. లోపలినుంచి ఒక మగగొంతు చావుకేక పెట్టింది. బయట క్యూబికల్స్‌లో ఎవరూ తలెత్తలేదు. క్వార్టర్ ఎండింగ్ లెక్కల హడావిడి.

లోపల విశ్వేశ్వరరావును ఆయన కుర్చీకే ల్యాప్‌టాప్ వైర్లతో కట్టేశారు. ఎదురుగా వోల్కర్. కన్సల్టెంట్ వీసా మీద వచ్చిన ఆర్కిడ్ ముఠా నాయకుడు. ఇస్త్రీ నలగని సూటు, చేతిలో సైలెన్సర్ బిగించిన పిస్టల్. యాదగిరి ఎం.డి. గారి బొటనవేలు పట్టుకుని స్కానర్ మీద అద్దుతున్నాడు. ఆ వేలికీ ఎం.డి. గారికీ ఇప్పుడు ఏ సంబంధమూ లేదు.

స్క్రీన్ మీద అక్షరాలు వచ్చాయి. "ఈ యూజర్‌కు వేలిముద్ర అవసరం లేదు. రిజిస్టర్డ్ మొబైల్‌కు కోడ్ పంపబడింది."

"అడిగితే చెప్పేవాణ్ణి కదండీ!" అని ఏడ్చాడు విశ్వేశ్వరరావు. కాకినాడ మర్యాద వేలు తెగినా పోలేదు.

విషయం చిన్నది. ఏడాది కిందట స్కానర్ ఆయన వేలిని ఒకటికి రెండుసార్లు కాదంది. ఎం.డి. నే కాదంటుందా అని ఆయన భవనం అదిరేలా అరిచాడు. శేఖర్ ఆయన ఒక్కడి సెట్టింగు మార్చాడు. వేలు వద్దు, పాస్‌వర్డూ కోడూ చాలు. కోడ్ పంపడానికి ఆయనిచ్చిన నంబరు భార్యది. గ్యాస్ బండ దగ్గర్నుంచి ఇన్సూరెన్స్ దాకా ఆయన ఎక్కడైనా ఇచ్చేది ఆ నంబరే.

యాదగిరి తన ఫోన్ స్పీకర్‌లో పెట్టి, ఆయన భార్య అమ్మణ్ణికి కలిపాడు.

"మేడం, మీ ఫోన్‌కి ఇప్పుడే కోడ్ ఒకటి వచ్చింది గదా. జర చెప్పుండ్రి."

"ఏ బ్యాంకు నాయనా?"

"బ్యాంకు గాదు. మీ సారు మా కాడ ఉన్నడు. చెప్పకుంటే గొంతు కోస్తం."

"ఓహో. మొన్న మా అబ్బాయి డ్రగ్స్ కేసులో దొరికాడన్నారు. నాకున్నవాళ్ళిద్దరూ ఆడపిల్లలే. నిన్న నన్నే అరెస్టు చేశామన్నారు, కెమెరా ముందు కదలకుండా కూర్చోమన్నారు. పొయ్యి మీద పాలున్నాయి, పొంగాక కూర్చుంటానన్నాను. ఇవాళ మా ఆయనా?"

"అమ్మణ్ణీ, నేనే!" అని గావుకేక పెట్టాడు విశ్వేశ్వరరావు. "నిజంగా కోసేశారే! వేలు!"

"గొంతు భలే దించారండీ. ఇప్పుడు కంప్యూటర్లలో ఎవరి గొంతైనా చేసేస్తున్నారటగా, టీవీలో చూశాను. కాకపోతే ఒక్క పొరపాటు చేశారు. మా ఆయన పగటిపూట నాకు ఫోన్ చేయరు." ఆమె గొంతు యాదగిరి వైపు తిరిగింది. "తెలుగు కుర్రాడివి, మాట స్పష్టంగా ఉంది. ఏదైనా మంచి ఉద్యోగం చూసుకో నాయనా." ఫోన్ పెట్టేసింది.

యాదగిరి ముఖం కందగడ్డయింది. "ఏందిది, గిట్ల పరేషాన్ చేస్తుంది! వేలు కోసినా లాభం లేకపాయె."

వోల్కర్ మాత్రం స్క్రీన్ కింద చిన్న అక్షరాలు చదువుతున్నాడు. చదివి మెల్లగా నవ్వాడు. ఎం.డి. గారు అరగంటలోగా కాదనకపోతే ఆమోదించినట్టే భావించబడును. ఆ సెట్టింగు కూడా విశ్వేశ్వరరావు ప్రత్యేకంగా పెట్టించుకున్నదే. ప్రతి చిన్నదానికీ ఆయన సంతకం కోసం పనులు ఆగిపోకూడదని.

వోల్కర్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఇక చేయాల్సిందేమీ లేదు. నాలుగయ్యేదాకా ఆగితే చాలు.

* * *

రసజ్ఞ బేస్‌మెంట్‌లోకి వచ్చేసరికి ట్యూబ్‌లైట్లకు కూడా కాస్త తెలివొచ్చినట్టయింది. ఆకుపచ్చ సిల్కు చొక్కా, నల్ల ప్యాంటు, మెడలో నవధార ఐడీ కార్డు, చూసినవాళ్ళు దారి మరిచిపోయే కళ్ళు. సెక్యూరిటీ కన్సల్టెంట్‌గా చేరి, ఆర్కిడ్ ముఠాలోకి చొరబడిన విభాగం మనిషి. మునిస్వామి నమ్మకం మాత్రం అదీ.

"అయ్యో, శేఖర్!" అని నోటిమీద చెయ్యి వేసుకుంది. "అక్కా, టైం లేదు. ఎం.డి. ని తెల్లాపూర్ విల్లాకు తీసుకుపోయారు. లాగిన్ కూడా అక్కణ్ణుంచే. నా కారు పైనుంది, రా."

"పద," అంది వాసంతి. శేఖర్ ఫోన్ ఆమె సంచిలోనే ఉంది.

లిఫ్ట్ ఎక్కారు. రసజ్ఞ లాబీ మీట నొక్కబోయింది. వాసంతి వేలు ముందే పదకొండు మీద పడింది.

"మంజీర నది తెల్లాపూర్ దాకా ఎప్పుడొచ్చింది రసజ్ఞా?"

రసజ్ఞ నవ్వు చెరగలేదు. చెయ్యి మాత్రం జడలోకి వెళ్ళి వచ్చింది. సన్నని బ్లేడు వాసంతి ముంజేతిని మోచేయి దాకా చీల్చింది. గోడమీద రక్తం చిమ్మింది. వాసంతి క్యారియర్‌ను బలంకొద్దీ విసిరి ముఖాన కొట్టింది. రసజ్ఞ ముక్కు కొబ్బరికాయలా పగిలింది. పెరుగన్నం, రక్తం కలిసి పట్టుచొక్కా మీదికి జారాయి.

"అమ్ముకునేదానివి పచ్చళ్ళు! నాకు నువ్వు సాటా?" బ్లేడు ఈసారి గొంతు మీదికి వచ్చింది.

వాసంతి ఆ మణికట్టు పట్టుకుని మెలిపెట్టింది. బ్లేడు జారిపడింది. లిఫ్ట్ తలుపులు మూసుకుంటున్నాయి. వాసంతి రెండో చేత్తో రసజ్ఞ ఐడీ కార్డును అందుకుని ఆ సందులోంచి బయటికి విసిరింది. సన్నని నాడాను తలుపులు పట్టించుకోలేదు. కార్డు బయట, మెడ లోపల. తలుపులు మూసుకున్నాయి. లిఫ్ట్ పైకి కదిలింది.

నాడా ఆమెను ముందు మోకాళ్ళ మీదికి లాగింది, తర్వాత నేలకు లాగింది. రసజ్ఞ రెండు చేతులతో మెడ గీరుకుంది. ఎముక పటుక్కుమంది, ఆ తర్వాతే నాడా తెగింది. ఐడీ కార్డు ఎల్లవేళలా మెడలో ధరించవలెనన్నది కంపెనీ రూలు. ప్రాణం మీదికి వచ్చేవరకు ఆ రూలు పాటించినది ఆమె ఒక్కతే.

వాసంతి కొంగు చింపి చేతికి కట్టు కట్టుకుంది. కవరు విప్పి, పిస్టల్‌కు అంటిన పెరుగు తుడిచింది.

పదకొండో అంతస్తులో తలుపులు తెరుచుకున్నాయి. రక్తపు చీరతో ఆమె క్యూబికల్స్ మధ్యనుంచి నడిచింది. హెడ్‌ఫోన్స్ పెట్టుకున్న ఒకతను కాలు అడ్డం తీసి, మళ్ళీ స్క్రీన్‌లోకి వెళ్ళిపోయాడు. గోడ గడియారం నాలుగుకు దగ్గర పడింది.

ముఖ్యమైన మీటింగులోకి మంత్రినైనా రానివ్వకపోవచ్చు. స్నాక్స్‌ను ఆపే మీటింగు హైటెక్ సిటీలో ఇంకా పుట్టలేదు. వాసంతి తలుపు తట్టింది.

"మిర్చి బజ్జీలండీ. రసజ్ఞ మేడం పంపించారు."

యాదగిరి పొద్దుటినుంచి ఏమీ తినలేదు. తలుపు తీశాడు.

జాడీ అతని నుదుటి మీద పగిలింది. నూనె, ఆవపిండి, గుంటూరు కారం రెండు కళ్ళలోకీ దిగాయి. "చచ్చిపోయిన ఓ అవ్వా!" అని యాదగిరి గుడ్డిగా కత్తి తిప్పుతూ వెనక్కి నడిచాడు. సరిగ్గా అప్పుడే వోల్కర్ పిస్టల్ పేలింది. మొదటి గుండు అడ్డం వచ్చిన యాదగిరి వీపులో దిగింది. రెండోది వాసంతి భుజాన్ని చీల్చుకుపోయింది. ఆమె కింద పడుతూనే మూడుసార్లు కాల్చింది. ఒకటి ప్రొజెక్టర్‌కు తగిలింది. ఒకటి వోల్కర్ మోకాలికి తగిలింది. అతను ముందుకు వంగాడు. మూడోది కంటికి తగిలింది. ఇస్త్రీ సూటు మొదటిసారి నలిగింది.

అద్దాల గోడ అవతల ఎవరో "టీమ్ బిల్డింగ్ అనుకుంటా" అన్నారు.

వాసంతి కుర్చీని ల్యాప్‌టాప్ దగ్గరికి ఈడ్చింది. "పాస్‌వర్డ్!"

విశ్వేశ్వరరావు చెప్పాడు, భార్య నంబరూ చెప్పాడు. కోడ్ మళ్ళీ వెళ్ళింది, అమ్మణ్ణి ఫోన్‌కే. స్క్రీన్ మూలన ఎర్ర అంకెలు తరుగుతున్నాయి. మూడు నిమిషాలు కూడా లేవు. వాసంతి రక్తపు వేలితో ఫోన్ కలిపింది.

"మళ్ళీనా! ఈసారి ఆడమనిషిని పెట్టారే?" అంది అమ్మణ్ణి.

"అమ్మా, నేను ప్రభుత్వ మనిషిని. ఆ కోడ్ చెప్పకపోతే జీడిమెట్లలో వేలమంది చచ్చిపోతారు. మా ఆయన అక్కడే ఉన్నాడమ్మా."

"నిన్న ఫోన్ చేసినతను కూడా ప్రభుత్వమే అన్నాడు. ఓటీపీ ఎవరికీ చెప్పకండి, బ్యాంకు సిబ్బందికి కూడా చెప్పకండి అని బ్యాంకువాళ్ళే రోజూ మెసేజ్ పెడుతున్నారమ్మా. అందులో ప్రభుత్వానికి చెప్పొచ్చని లేదు."

వాసంతి తన జీవితంలో ఎందరిచేతనో నోరు విప్పించింది. తలకిందులుగా వేలాడదీసి విప్పించింది. ఈవిడ తెల్లవారుజామున లేచి పాలు కాచి, పేపరు చదివి, జాగ్రత్తగా ఉండే మనిషి. చేయగలిగిందేమీ లేదు.

"అయితే మీ ఆయన్ని మీరే అడగండమ్మా. మీ ఇద్దరికే తెలిసినది ఏదైనా."

అవతల కుక్కర్ కూత ఒకటి వినిపించింది.

"సరే. ఏవండీ, మీరే అయితే చెప్పండి. నాకు ఏ కూర ఇష్టం?"

విశ్వేశ్వరరావు కళ్ళు మూసుకున్నాడు. నుదుటి మీద చెమట, చేతినుంచి రక్తం కారుతున్నాయి. కోట్ల కాంట్రాక్టులకు తడుముకోని మనిషి తడుముకున్నాడు. ఎర్ర అంకెలు నిమిషంలోపు పడ్డాయి.

"గుత్తివంకాయ," అన్నాడు చివరికి, ధైర్యంగా.

అవతలినుంచి ఒక దీర్ఘమైన నిట్టూర్పు.

"గుత్తివంకాయ మీకిష్టమండీ. నాకు వంకాయ తింటే ఒళ్ళంతా దద్దుర్లు. పెళ్ళయిన దగ్గర్నుంచీ చెబుతూనే ఉన్నాను." అంతలోనే కేక వేసింది. "అమ్మాయ్, ఈయన మా ఆయనే! కంప్యూటరయితే సరిగ్గా చెప్పేది. వేలు నిజంగానే కోసేశారా? ఏడు, ఒకటి, రెండు..."

వాసంతి అంకెలు కొట్టింది. చివరి అంకె రక్తంతో జారి తప్పు పడింది. చెరిపి మళ్ళీ కొట్టింది. ఆమోదించాలా, తిరస్కరించాలా? తిరస్కరించు మీద పిడికిలితో గుద్దింది.

ఎర్ర అంకె ఒకటి దగ్గర ఆగింది. జీడిమెట్లలో వాల్వులు కదల్లేదు. నాలుగు గంటల సైరన్ మోగింది. పొద్దుటి షిఫ్ట్ గేటు దాటి టీ బండ్ల దగ్గరికి నడిచింది.

"ఏమండీ," అంటోంది ఫోన్‌లో అమ్మణ్ణి, "వేలు ఐసులో పెట్టమనండి. ఆస్పత్రికి నేనూ వస్తున్నా. డబ్బాలో కూర పెట్టుకొస్తాను. వంకాయ కాదు."

* * *

అంబులెన్స్‌లో భుజానికి కుట్లు వేస్తుండగా మునిస్వామి గొంతు బుట్టకమ్మలో వినిపించింది. "శభాష్ అమ్మా. అంతా బాగుండాది. ఆ ఆవకాయ జాడీ మాత్రం ఆఫీసుది. రిపోర్టులో రాయాల."

వాసంతి బుట్టకమ్మ తీసి పక్కన పెట్టింది. ఫోన్ మోగింది. శ్యామ్.

"లాకర్ తీస్తే నీది మిస్డ్ కాల్ ఉంది. ఏంటి విశేషం?" వెనక బస్సు హారన్లు, టీ గ్లాసుల చప్పుడు. ఆ చప్పుడు వింటూ వాసంతి దిండుకు తల ఆనించింది.

"ఏం లేదు. ఆఫీసులో ఒకాయన లాగిన్ అవ్వలేకపోతే కాస్త సాయం చేశాను."

"సరే. వచ్చేటప్పుడు కూరలేమైనా తేనా?"

వాసంతికి నవ్వొచ్చింది. "నాకు ఏ కూర ఇష్టమో చెప్పు చూద్దాం."

"బెండకాయ వేపుడు," అన్నాడు శ్యామ్, తడుముకోకుండా. "జిగురు లేకుండా, దించేముందు ఎండుకొబ్బరి చల్లి."

వాసంతి ముఖంలో నవ్వు ఆగిపోయింది. గొంతు శ్యామ్‌దే. బస్సు హారన్లు జీడిమెట్లవే. జవాబు మాత్రం పొల్లుపోకుండా సరిగ్గా ఉంది, కంప్యూటర్ చెప్పినట్టు. ఆమె కుట్లు వేస్తున్న నర్సును సైగతో ఆపి, కుడిచేత్తో దిండు కింది పిస్టల్ అందుకుంది.

"ఎవరు నువ్వు?" అంది. "మా ఆయన్ని ఏం చేశారు?"